రాజీనామా కాగితం మీద సంతకం పెట్టే ముందు

ప్రశ్న: నా వయసు ఇరవై ఆరు. మాది బాపట్ల దగ్గర పల్లె. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. నెలలో సగం రోజులు నైట్ డ్యూటీ. నేను కడుపులో ఉండగానే అమ్మ నన్ను దేవుని సేవకు మొక్కుకుందట. మొన్న ఉపవాస కూటాలకు వచ్చిన ఒక దైవజనుడు నా తల మీద చేయి ఉంచి, "మూడు నెలల్లో ఉద్యోగం మాని సేవకు రా, లేకపోతే దేవుడు నీకిచ్చిన ఆశీర్వాదం తీసేస్తాడు" అని ప్రవచించారు. ఈ సంవత్సరం వాగ్దానపు కార్డులో నాకు వచ్చింది యిర్మీయా 29:11, మీ గురించి నా ఉద్దేశాలు సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావు అని దేవుడు చెప్పే వచనం. ప్రార్థించి బైబిలు తెరిస్తే రెండుసార్లు ఆదికాండము 12వ అధ్యాయం, "నీవు లేచి... వెళ్లుము" అనే మాట వచ్చింది. తమ్ముడు ఇంజినీరింగ్ రెండో సంవత్సరం, వాడి ఫీజు నా జీతం మీదే. సంఘంలో అందరూ "దేవుడు నాతో మాట్లాడాడు" అంటారు. నేను మోకరిస్తే నిశ్శబ్దం తప్ప ఏమీ వినబడదు. దేవుని స్వరాన్ని ఎలా గుర్తుపట్టాలి? నన్ను ఆయన దేని కోసం పుట్టించాడు? ఉద్యోగం మానేయాలా?

జవాబు: ప్రియమైన సహోదరీ, ప్రభువు నామంలో వందనాలు.

మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాం, ఎందుకంటే మిమ్మల్ని నిద్రపోనివ్వనిది అదే. ఆ మూడు నెలల గడువును బట్టి ఉద్యోగం మానకండి. సేవకు పిలుపు లేదని మేం అనడం లేదు. ఉందో లేదో తేల్చుకోవడానికి ఇప్పటివరకు మీ దగ్గరున్నవి మూడు: ఒక ప్రవచనం, ఒక వాగ్దానపు కార్డు, గుడ్డిగా తెరిచిన ఒక పేజీ. వాటిలో ఏదీ ఇంకా పరీక్షకు నిలబడలేదు.

మీ వృత్తిలోనే దీనికి మంచి పోలిక ఉంది. అర్ధరాత్రి డాక్టర్ ఫోన్‌లో మందు చెబితే మీరు ఏం చేస్తారు? ముందు రాసుకుంటారు. రాసింది తిరిగి చదివి వినిపిస్తారు. ఆయన అవునన్నాకే ఇస్తారు. తర్వాత ఆయన వచ్చి సంతకం పెట్టాలి. పొటాషియం క్లోరైడ్, ఇన్సులిన్ లాంటి, మోతాదు తప్పితే ప్రాణం మీదికి వచ్చే మందులైతే పక్కనున్న నర్సును కూడా పిలిచి మోతాదు చూపిస్తారు. ఇదంతా డాక్టర్ మీద అపనమ్మకంతో చేసేది కాదు కదా. తప్పుగా విని ఉంటే పోయేది రోగి ప్రాణం కాబట్టి చేస్తారు. దేవుని మాట విషయంలోనూ అంతే. మాట ఎంత పెద్ద మార్పు కోరితే, తిరిగి చదివి వినిపించడం అంత ఎక్కువ కావాలి. "ప్రవచించుటను నిర్లక్ష్యము చేయకుడి" అన్న పౌలు ఆ వెంటనే "సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి" అన్నాడు (1 థెస్సలొనీకయులకు 5:20-21). మన కూటాల్లో మొదటి సగం గట్టిగా వినబడుతుంది, రెండో సగం అంతగా వినబడదు. పరీక్షించడం అవిశ్వాసమని ఎవరైనా మిమ్మల్ని భయపెడితే ఈ వచనం చూపించండి.

మీ వాగ్దానం దగ్గరికి వద్దాం. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసే కార్డుల్లో యిర్మీయా 29:11 చాలామందికి వచ్చి ఉంటుంది. దాన్ని ఒక్క వచనంగా చదవకుండా 27 నుంచి 29వ అధ్యాయం వరకు ఒక్క బిగిన చదవండి, అరగంట పట్టదు. మీ పరిస్థితికి ఇంతకంటే దగ్గరి భాగం బైబిల్లో మరొకటి లేదేమో.

క్రీస్తుపూర్వం 597లో యెకొన్యా రాజుతో పాటు యెరూషలేము నుంచి బబులోనుకు చెరపట్టబడినవాళ్ళు ఉన్నారు. ఎప్పుడు తిరిగి వెళ్తామా అన్నదే వాళ్ళ బెంగ. అప్పుడు హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో, అందరూ చూస్తుండగా, బబులోనుకు లోబడాలన్నదానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద పెట్టుకున్న కాడిని తీసి విరిచి, రెండు సంవత్సరాల్లో అందరూ తిరిగి వచ్చేస్తారని ప్రకటించాడు. యెహోవా పేరుతోనే చెప్పాడు. గడువు పెట్టి చెప్పాడు. జనానికి వినాలనిపించే మాట చెప్పాడు. యిర్మీయా ఏం చేశాడో చూడండి: "ఆమేన్, యెహోవా అలాగే చేయును గాక" అన్నాడు, సమాధానాన్ని ప్రవచించే ప్రవక్త మాట నెరవేరినప్పుడే అతన్ని దేవుడు పంపాడని తెలుస్తుందని చెప్పాడు, కాడి విరిచాక ఇంకేమీ అనకుండా తన దారిన వెళ్ళిపోయాడు. హనన్యాను తాను పంపలేదన్న దేవుని వాక్కు అతనికి ఆ తర్వాతే వచ్చింది. అంత పెద్ద ప్రవక్త కూడా అక్కడికక్కడే తేల్చేయలేదు. మీరు కూడా ఆ కూటంలోనే అవునో కాదో చెప్పి ఉండాల్సింది అనుకోనక్కర్లేదు.

ఇక 29వ అధ్యాయం, చెరలో ఉన్నవాళ్ళకు యిర్మీయా రాసిన ఉత్తరం. 11వ వచనానికి ముందు 10వ వచనంలో డెబ్బై సంవత్సరాలని ఉంది, రెండు కాదు. 5 నుంచి 7 వరకు చూడండి: ఇళ్ళు కట్టుకోండి, తోటలు వేసుకొని పండ్లు తినండి, పెళ్ళిళ్ళు చేసుకోండి, మీరున్న పట్టణం క్షేమం కోరి దాని కోసం ప్రార్థించండి. 8వ వచనంలో, మీ మధ్యనున్న ప్రవక్తలు మిమ్మల్ని మోసం చేయకుండా చూసుకోండి అన్న హెచ్చరిక. మీ వాగ్దానం వీటన్నిటి నడుమ ఉంది. దేవుడు తన ప్రజల గురించి ఉద్దేశించినది సమాధానకరమైనదే. అయితే ఆ ఉద్దేశం నెరవేరే దారి తోట వేసుకోవడం గుండా, పరాయి పట్టణం క్షేమం కోరడం గుండా వెళ్ళింది. హైదరాబాద్‌లో మీ ఐసీయూలో ఊపిరి కోసం పోరాడే మనుషుల పక్కన గడిపే పన్నెండు గంటలకు ఈ ఉత్తరంలో చోటుందో లేదో మీరే ఆలోచించండి.

ప్రవచనాన్ని ఎలా పరీక్షించాలి? గుర్తున్నంతవరకు ఆయన మాటల్ని ఉన్నవి ఉన్నట్టు కాగితం మీద పెట్టండి. "సేవకు రమ్మన్నారు" అని సారాంశం రాస్తే లాభం లేదు. తర్వాత దాన్ని ముక్కలు చేయండి: పిలుపు ఒకటి, గడువు ఒకటి, బెదిరింపు ఒకటి. మూడూ ఒక్కచోటి నుంచే వచ్చాయని అనుకోనక్కర్లేదు. ప్రవచనం క్షేమాభివృద్ధి కోసం, హెచ్చరిక కోసం, ఆదరణ కోసం అని 1 కొరింథీయులకు 14:3. లేఖనంలో దేవుడు శిక్ష గురించి హెచ్చరించిన చోట సాధారణంగా ఏ పాపం గురించో స్పష్టంగా ఉంటుంది. రోగులకు సేవ చేయడం పాపమని ఎక్కడా లేదు. కాబట్టి ఆ బెదిరింపు ముక్కను పక్కన పెట్టేయండి. పిలుపు ముక్కను దాచి ఉంచండి, దాన్ని ఇంకా చూడాల్సి ఉంది.

ఇంకో సంగతి. కొత్త నిబంధనలో ప్రవక్త అగబు కరవు వస్తుందని చెప్పాడు (అపొస్తలుల కార్యములు 11). ఎంత సహాయం పంపాలో, ఎవరు ఎంత ఇవ్వాలో అతను చెప్పలేదు. శిష్యులు తమ తమ శక్తి కొలది నిర్ణయించుకున్నారు. అదే అగబు 21వ అధ్యాయంలో పౌలు నడికట్టుతో తన చేతులు కాళ్ళు కట్టుకొని, యెరూషలేములో పౌలుకు జరగబోయేది చూపించాడు. వెళ్ళొద్దని బ్రతిమాలింది అక్కడున్న సహోదరులు. నిర్ణయం పౌలుదే, అతను వెళ్ళాడు. సంగతి తెలియజేయడం ప్రవక్త వంతు, దేవుని ముందు నిర్ణయించుకోవడం విన్నవాడి వంతు. మీ వంతును ఇంకొకరు లాగేసుకుంటుంటే అది ఆగి చూడాల్సిన చోటు. అలా చెప్పినవాళ్ళు కానుక అడిగినా, తమ సంస్థలోనే చేరమన్నా, పాస్టరు గారికి చెప్పొద్దన్నా, అక్కడితో ఆ సంభాషణ ముగించవచ్చు. కుష్ఠు బాగైనందుకు నయమాను తెచ్చిన వెండిబంగారాలను ఎలీషా ముట్టుకోలేదు.

బైబిలు కళ్ళు మూసుకుని తెరవడం గురించి సూటిగానే చెబుతాం. వాక్యం మీద మీ గౌరవం నిజమైనదే. కానీ ఆ పద్ధతి చిలక జోస్యానికి దగ్గర. పంజరంలోంచి చిలక తీసిన కార్డుకూ, వేలు పడిన వచనానికీ మధ్య తేడా వచనం పవిత్రతలో ఉంది గానీ, తీసే విధానంలో లేదు. అదీగాక ఎక్కువసార్లు తెరిచిన చోట బైండింగు వదులై, పుస్తకం తనంతట తానే అక్కడ తెరుచుకుంటుంది. ఆదికాండము 12 మొదట్లోనే ఉంది, బైబిలు చదవడం మొదలుపెట్టిన ప్రతిసారీ ఆ పేజీలు తిరుగుతాయి. రెండుసార్లు రావడంలో ఆశ్చర్యం లేదు. అపొస్తలులు చీట్లు వేసిన సంగతి ఎవరైనా గుర్తుచేయవచ్చు, అది అపొస్తలుల కార్యములు 1:26. పెంతెకొస్తు దినాన ఆత్మ దిగివచ్చాక సంఘం చీట్లు వేసి నిర్ణయం తీసుకున్నట్టు కొత్త నిబంధనలో మళ్ళీ లేదు. ఉన్ని మీద మంచు పడాలని గిద్యోను సూచన అడిగిన సంగతీ అంతే: దేవుడు ఏం చేయమన్నాడో అతనికి అప్పటికే తెలుసు, తెలిసినా ధైర్యం చాలక అడిగాడు.

మరి స్వరం వినడం ఎలా నేర్చుకోవాలి? నేర్చుకోవాలి అనే మాటే సరైనది. సమూయేలు దేవాలయంలో పెరుగుతున్న పిల్లవాడు, అయినా మొదటి మూడుసార్లు దేవుడు పిలిస్తే యాజకుడైన ఏలీ పిలిచాడనుకుని లేచి పరుగెత్తాడు. దేవుడు విసుక్కోలేదు, నాలుగోసారి పిలిచాడు. పొరబడినందుకు శిక్ష లేదు. అంతేకాదు, ఆ పిలుపు ఎవరిదో పిల్లవాడికి చెప్పింది పక్కనున్న పెద్ద మనిషి. చూపు మందగించిన, సొంత కొడుకులను అదుపు చేయలేకపోయిన ఏలీకి కూడా ఆ గుర్తింపు ఉంది. ఒంటరిగా కూర్చుని అంతా నేనే తేల్చుకోవాలి అనే భారం మీ మీద ఎవరు పెట్టారో గానీ, లేఖనం పెట్టలేదు.

తన గొర్రెలు తన స్వరం వింటాయని యేసు యోహాను 10లో అన్నాడు. గొర్రె కాపరి గొంతు గుర్తుపట్టేది ఎక్కడో ఒక శిక్షణలో కాదు. పొద్దున మేతకు, మధ్యాహ్నం నీళ్ళకు, సాయంత్రం దొడ్డికి అదే గొంతు పిలవడం వల్ల. రోజూ వినే చోటే గుర్తింపు పుడుతుంది. అందుకే మేం చెప్పే సాధన పెద్ద నిర్ణయం మీద కాదు, రోజువారీ వాక్యం మీద.

నలభై రోజులకు ఒక పద్ధతి పెట్టుకోండి. మార్కు సువార్త తీసుకోండి: 16 అధ్యాయాలు, రోజుకు పదిహేను ఇరవై వచనాల చొప్పున నలభై రోజులకు సరిపోతుంది. నైట్ డ్యూటీ దిగిన వెంటనే ప్రార్థనకు కూర్చోకండి. ఏలీయా చచ్చిపోతే బాగుండునని చెట్టు కింద పడుకున్నప్పుడు దేవుని దూత అతనికి మొదట పెట్టింది రొట్టె, నీళ్ళు. తిని మళ్ళీ పడుకున్నాడు, మళ్ళీ లేపి పెట్టాడు. హోరేబులో ఆ నిమ్మళమైన స్వరం వినబడింది ఆ తర్వాత, ఎంతో దూరం నడిచాక (1 రాజులు 19). ఇంటికొచ్చి తిని, ఆరేడు గంటలు పడుకుని, మధ్యాహ్నం లేచాక ముఖం కడుక్కుని కూర్చోండి. పగటి డ్యూటీ రోజుల్లో ఉదయం. మొత్తం అరగంట చాలు. గంటన్నర పెట్టుకుంటే వారంలో ఆగిపోతుంది.

కాగితం బైబిలు వాడండి, ఫోను మంచం అవతలి చివర పెట్టండి. హాస్టల్ గదిలో తోటివాళ్ళు ఉంటే టెర్రస్ అయినా, ఆసుపత్రి ప్రార్థనా మందిరం ఉంటే అదైనా సరే. మొదటి రెండు నిమిషాలు "ప్రభువా, నీ దాసురాలు ఆలకించుచున్నది" అని మెల్లగా అనుకుంటూ ఊరుకోండి. భాగాన్ని రెండుసార్లు చదవండి, రెండోసారి పైకి. నోటు పుస్తకంలో తేదీ వేసి నాలుగు విషయాలు రాయండి: ఇక్కడ యేసు ఏం చేశాడు, ఏ మాట దగ్గర నేను ఆగాను, ఈరోజు నేను చేయగలిగిన ఒక్క పని ఏమిటి, ఇప్పుడు నా ఒళ్ళూ మనసూ ఎలా ఉన్నాయి. ఈ చివరిది వదిలేయకండి. నిద్ర లేదు, ఉపవాసం, అమ్మతో గొడవ, జీతం రాలేదు - ఏదుంటే అది. తర్వాత పది నిమిషాలు ప్రార్థించండి. ఆఖరి ఐదు నిమిషాలు మాట్లాడకుండా ఉండండి. ఆ ఐదు నిమిషాల్లో గ్యాస్ బుకింగ్, రీఛార్జ్, సిస్టర్ ఇన్‌ఛార్జ్ అన్న మాట అన్నీ గుర్తొస్తాయి. పక్కన చీటీ పెట్టుకుని అందులో రాసేసి తిరిగి రండి, వాటితో పోట్లాడొద్దు. ఆరు రోజులకోసారి వెనక్కి వెళ్ళి రాసినవన్నీ చదవండి.

మొదటి పది రోజులు ఏమీ జరగనట్టే ఉంటుంది. చాలామంది ఇక్కడే వదిలేస్తారు. వెనుకటి హడావుడి ఆగితే లోపలి చప్పుడు బయటపడుతుంది, అంతే. మూడో వారానికి కొందరికి ఉలుకు ఎక్కువై ప్రతిదీ సూచన అవుతుంది: బస్సు వెనక రాసిన వచనం, గోడ మీద బోర్డు, వాట్సాప్‌లో వచ్చిన ప్రసంగం. ఏది చూసినా ఒకే నిర్ణయం వైపు లాగుతున్నట్టు అనిపిస్తే, ఆ నిర్ణయం పట్ల మీకు అప్పటికే గట్టి కోరికో గట్టి భయమో ఉందని అర్థం. దాన్ని దేవుని ముందు పేరు పెట్టి చెప్పండి: "ప్రభువా, నైట్ డ్యూటీలతో అలసిపోయాను, అందుకే మానేయాలని ఉంది" అనండి, అదే నిజమైతే. అలసటకు మందు డ్యూటీ మార్పు, సెలవు కావచ్చు. అలసటను పిలుపు అనుకుని సేవలోకి వెళ్ళినవాళ్ళు అక్కడా అలసిపోతారు, ఎందుకంటే సంఘ పరిచర్యలో రాత్రుళ్ళు తక్కువేం ఉండవు.

లోపల కలిగే మాటల్లో ఏది ఎవరిదో తెలుసుకోవడానికి అన్నిటికంటే ఉపయోగపడే గుర్తు ఒకటుంది. పరిశుద్ధాత్మ ఒప్పుకోజేసే మాట నిర్దిష్టంగా ఉంటుంది, దానికి ఒక తలుపు తెరిచి ఉంటుంది. "నిన్న మూడో బెడ్ పెద్దాయన మీద విసుక్కున్నావు, ఈరోజు వెళ్ళి ఆయనతో మాట్లాడు" - ఇలా. నేరం మోపేవాడి, అంటే సాతాను మాట పొగలా ఉంటుంది: "నువ్వు పనికిరావు, నీ ప్రార్థన దేవుడు వినడు, నీకు ఆలస్యమైపోయింది." అందులో ఏ పాపమో ఉండదు, ఏం చేయాలో ఉండదు. క్రీస్తుయేసునందున్నవారికి శిక్షావిధి లేదన్న రోమీయులకు 8:1 ఈ రెండో రకం మాటకు జవాబు. మొదటి రకం మాట వింటే మాత్రం ఆ రోజే చేసేయండి. మూడో బెడ్ దగ్గరికి వెళ్ళకుండా, ఉద్యోగం గురించి పెద్ద స్వరం కోసం ఎదురుచూస్తే, చెవి మొద్దుబారుతుంది. దేవుని చిత్తం ఏమిటని లేఖనం సూటిగా చెప్పిన చోట్లు వెతకండి: పరిశుద్ధులు కావడం (1 థెస్సలొనీకయులకు 4:3), ప్రతి విషయంలో కృతజ్ఞత (5:18), మేలు చేసి నోళ్ళు మూయించడం (1 పేతురు 2:15). ఇవన్నీ డ్యూటీ రోస్టర్‌తో సంబంధం లేకుండా ఈరోజే చేయగలిగినవి.

16వ శతాబ్దపు స్పెయిన్ దేశస్థుడు ఇగ్నేషియస్ లొయోలా ఆత్మీయ సాధకులకు పెట్టిన నియమం ఒకటి ప్రొటెస్టెంటు సంఘాల్లో తక్కువగా వినబడుతుంది, అందుకే చెబుతున్నాం: మనసు ఎండిపోయి, చీకటి కమ్మిన రోజుల్లో ఇంతకుముందు తీసుకున్న నిర్ణయాన్ని మార్చవద్దు. ఆ చీకటిలో పుట్టే ఆలోచనలు నమ్మదగ్గవి కావు. మీ నోటు పుస్తకంలో రాసే నాలుగో విషయం, ఒళ్ళూ మనసూ ఎలా ఉన్నాయన్నది, ఇందుకే పనికొస్తుంది. రాజీనామా ఆలోచన వరసగా నైట్ డ్యూటీ ఐదో రోజునే వస్తోందా, లేక సెలవు రోజున, కడుపునిండా తిని ప్రశాంతంగా ఉన్నప్పుడు కూడా వస్తోందా? నలభై రోజుల రాతలే చెబుతాయి.

ఉపవాసం చేస్తుంటే ఐసీయూ డ్యూటీ రోజున వద్దు. మందు మోతాదు లెక్కలో పొరపాటు జరిగితే దానికి రోగి మూల్యం చెల్లిస్తాడు. సెలవు రోజున ఒక పూట చాలు.

మీకు తెలిసిన విషయమే అయినా రాయక తప్పదు. ఎవరికైనా చెవికి స్పష్టంగా గొంతు వినబడి, తనకు గానీ ఇతరులకు గానీ హాని చేయమని చెబుతుంటే, రోజుల తరబడి నిద్ర లేకపోతే, అది ప్రార్థన ఒక్కదానితో చూడాల్సింది కాదు, మానసిక వైద్యుడికి చూపించాలి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మీ కూటంలో అలాంటివాళ్ళు కనిపిస్తే, దయ్యం పట్టిందని ఉపవాసం చేయించేలోపు మీరు అడ్డుపడండి. అక్కడున్నవాళ్ళలో ఆ లక్షణాలు తెలిసినది బహుశా మీరొక్కరే అయి ఉంటారు.

అమ్మ మొక్కుబడి మీ మనసులో ముల్లులా ఉందని ఉత్తరం చదివితే తెలుస్తోంది. హన్నా సమూయేలును మొక్కుకుంది, దేవాలయంలో అప్పగించింది. అయినా ఆ తర్వాత దేవుడు స్వయంగా అతన్ని పేరు పెట్టి పిలిచాడు. తల్లి మొక్కు పిల్లవాణ్ణి గుమ్మం దాకా తెచ్చింది, పిలుపు మాత్రం వేరుగా రావాల్సి వచ్చింది. లేవీయకాండము 27వ అధ్యాయం కూడా చూడండి. మనుషులను మొక్కుకుంటే వెల కట్టి విడిపించే ఏర్పాటు ధర్మశాస్త్రంలోనే ఉంది: ఇరవై నుంచి అరవై ఏళ్ళ మగవాడికి యాభై తులాల వెండి, ఆడదానికి ముప్పై, ఇచ్చుకోలేని బీదవాళ్ళకైతే యాజకుడు వాళ్ళ శక్తిని బట్టి తగ్గించాలి. మనం ఆ ధర్మశాస్త్రం కింద లేము, వెండి తూయనక్కర్లేదు. కానీ ఒకరి మొక్కు ఇంకొకరికి సంకెల కాకుండా దేవుడే దారి పెట్టాడని అందులో కనిపిస్తుంది. మొక్కు పేరు చెప్పి తమ్ముడి చదువు మధ్యలో వదిలేయడం దేవునికి ఇష్టమా అన్నదానికి సొంత ఇంటివారిని పోషించడం గురించి 1 తిమోతికి 5:8, కొర్బాను గురించి, అంటే దేవునికి అర్పించానని చెప్పి తల్లిదండ్రులకు సాయం మానేయడం గురించి మార్కు 7:11 చదవండి.

ఇక దేని కోసం పుట్టించాడన్న ప్రశ్న. మన సంఘాల్లో "సేవ" అంటే మైకు, కూటం, పూర్తికాలపు పరిచర్య అన్న అర్థం పాతుకుపోయింది. ఒకసారి యొప్పేకు వెళ్దాం, అపొస్తలుల కార్యములు 9. దొర్కా అనే శిష్యురాలు చనిపోయింది. మేడగదిలో విధవరాండ్రు ఏడుస్తూ పేతురుకు చూపించినవి ఆమె కుట్టిన అంగీలు, వస్త్రాలు. ఆమె ప్రసంగించినట్టు ఒక్క మాట లేదు. ఆమె జీవితపు ఉద్దేశం ఆ బట్టల్లో కనబడుతోంది.

మన నేల మీదే ఇంకొకటి. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ అమెరికాలో యువకుడిగా ఉన్నప్పుడు భూముల సర్వే పని చేశాడు. 1860లలో తెలుగు ప్రాంతానికి వచ్చాడు. 1876-78 నాటి మహా కరవులో జనం ఆకలితో చచ్చిపోతుంటే, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. ఆ పని చేయించడానికి పాత సర్వే చదువే అక్కరకొచ్చింది. తిండి కోసం ఎవరూ క్రైస్తవులు కాకూడదని కరవు కాలమంతా బాప్తిస్మాలు ఆపేశాడు. కరవు తీరాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్య గురించి మన సంఘాల్లో చెప్పుకుంటారు. సర్వే గొలుసు గురించి ఎవరూ చెప్పరు. మీరు నేర్చుకున్న నర్సింగు దేవుని ఉద్దేశానికి అడ్డు వచ్చిన దారిమళ్ళింపు అని ముందే తీర్మానించుకోకండి.

నలభై రోజుల తర్వాత కూడా, ప్రశాంతంగా ఉన్న రోజుల్లో కూడా పూర్తికాల సేవ కోరిక నిలిచి ఉంటే, దాన్ని గౌరవించండి. అంతియొకయ సంఘంలో ఆత్మ బర్నబాను, సౌలును (తర్వాత పౌలు) "నేను పిలిచిన పనికొరకు" ప్రత్యేకపరచమన్నాడు (అపొస్తలుల కార్యములు 13:2). పిలిచిన, అంటే ముందే పిలిచాడు. సంఘానికి ఆ తర్వాత తెలిసింది, వాళ్ళు ఉపవాసముండి చేతులుంచి పంపారు. మీ విషయంలో సంఘం ఇంకా నోరు విప్పలేదు. మీ పాస్టరు గారిని, మిమ్మల్ని చిన్నప్పటి నుంచి ఎరిగిన ఒక పెద్దావిడను, వీలైతే మిషన్ ఆసుపత్రిలో పనిచేసే ఒక విశ్వాసిని విడివిడిగా కలిసి ఒకే ప్రశ్న అడగండి: "నాలో దేవుడు ఏ పని చేయడం మీరు చూశారు?" ప్రవచనం సంగతి ముందే చెప్పకండి, చెబితే దాన్ని బట్టే మాట్లాడతారు. ముగ్గురి జవాబులు రాసుకోండి.

ఆరు నెలలు ఉద్యోగంతో పాటే ఒక పని చేసి చూడండి: సండే స్కూల్లో ఒక తరగతి, లేదా సెలవు రోజున మంచానపడిన సంఘస్థులను చూసి రావడం. ప్రారంభపు ఉత్సాహం రెండు నెలల్లో తగ్గుతుంది, అసలు తెలిసేది ఆ తర్వాతి నాలుగు నెలల్లో. ఈలోగా తమ్ముడి మిగిలిన రెండేళ్ళ ఫీజు, మీ ఆరు నెలల ఖర్చు ఎంతవుతాయో లెక్క వేసి పక్కన పెట్టడం మొదలుపెట్టండి. వేదాంత శిక్షణకు వెళ్ళాలనుకుంటే ఆ కళాశాలకు సెరాంపూర్ సెనేట్ వంటి సంస్థ గుర్తింపు ఉందో లేదో అడగండి, అక్కడ చదువుతున్న అమ్మాయిలతో ఒక పూట గడపండి. ఉద్యోగం మానడం ఈ వరసలో చివరిది. అన్నిటికంటే వెనక్కి తీసుకోలేని పని అదే.

ఆ దైవజనుడు గడువు గుర్తుచేస్తూ ఫోన్ చేస్తే వాదన పెట్టుకోకండి. "అయ్యగారూ, మీరు చెప్పిన మాట రాసి పెట్టుకున్నాను. మా పాస్టరు గారితో, సంఘ పెద్దలతో కలిసి ప్రార్థిస్తున్నాం. దేవుడు నాకు చూపించినప్పుడు తెలియజేస్తాను" అనండి. ఈ మాటకు నిజమైన సేవకుడు సంతోషిస్తాడు.

వచ్చే సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు అమ్మ దగ్గర కూర్చోండి. మొక్కు తీర్చాలా వద్దా అని అడగకండి. నన్ను కడుపులో పెట్టుకుని ఆ రోజు దేవుణ్ణి ఏమని వేడుకున్నావమ్మా, ఏ కష్టంలో ఉన్నావు అని అడగండి. "సేవ" అన్నప్పుడు ఆమె మనసులో ఏముందో ఇంతవరకు ఎవరూ అడిగి ఉండకపోవచ్చు. ఆమె చెప్పింది కూడా తేదీ వేసి ఆ నోటు పుస్తకంలోనే రాసుకోండి.